బడి గదికి గాలి లెక్క

2021 ఫిబ్రవరి 1, సోమవారం. పదిన్నర నెలల మూత తర్వాత తెలంగాణలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు మళ్లీ బడి గేటు దాటిన రోజది. రాష్ట్రమంతటా ఉన్న నియమాలే రామగుండం ఎన్టీపీసీ జ్యోతినగర్‌లోనూ, గోదావరిఖనిలోనూ: తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకార పత్రం, నుదుటికి చూపే థర్మామీటరు, అరచేతిలో శానిటైజరు, మూతికి మాస్కు, గదికి ఇరవై మంది, మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులు. బెంచీలు కడిగించారు, గోడలకు రసాయనం కొట్టించారు, నేల మీద గుండ్రాలు గీయించారు. పిల్లలకు ఏమీ కాకూడదన్న తపన ఆ పనులన్నిటిలో కనిపించేది.

ఆ ఏర్పాట్లలో గాలి ప్రస్తావన ఎక్కడో ఒక వాక్యంగా ఉంది. అంకెగా లేదు. కిటికీలు తెరిచి ఉంచండి, గాలి ఆడేలా చూడండి అన్నారు. ఎంత ఆడాలి, ఆడుతోందని ఎలా తెలుస్తుంది అన్నది చెప్పలేదు. బొగ్గు గనుల పక్కన పెరిగిన ఊరికి ఈ వెలితి ఇట్టే కనిపించాలి. ఎందుకంటే గాలిని అంకెల్లో కొలిచి, మనిషికి ఇంత అని లెక్కగట్టి, ఆ లెక్క తప్పితే పని ఆపించే వ్యవస్థ ఈ ఊరి నేల కిందే ఉంది.

జ్యోతినగర్ అంటే ఎన్టీపీసీ టౌన్‌షిప్. 1978 నవంబరు 14న మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన విద్యుత్ కేంద్రం చుట్టూ ఈ కాలనీ పుట్టింది. ఆ కేంద్రం బాయిలర్లలో మండేది సింగరేణి బొగ్గు. ఇక్కడి ఇళ్లలో గనిని గని అనరు, బాయి అంటారు. నాయిన బాయి పనికి పోయిండు అంటే అర్థం కాని పిల్లవాడు ఈ చుట్టుపక్కల ఉండడు. భూగర్భ బాయిలో పనులు పర్యవేక్షించిన ఏ సర్దార్‌నైనా, ఓవర్‌మన్‌నైనా అడగండి, గాలి ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో గడగడా చెప్తారు. మంచి గాలి ఒక దారిన దిగుతుంది, దాన్ని ఇన్‌టేక్ అంటారు. పని జరిగే చోటు మీదుగా తిరిగి, వేడినీ దుమ్మునూ మీథేన్‌నూ మోసుకుని ఇంకో దారిన పైకి పోతుంది, అది రిటర్న్. పైన పెద్ద ఫ్యాను రాత్రింబగళ్లు ఆ పాడు గాలిని బయటికి లాగుతూనే ఉంటుంది. లోపల గాలి అడ్డదారి పట్టకుండా ఇటుక గోడలు కడతారు, తలుపులు పెడతారు, బ్రాటిస్ గుడ్డలు వేలాడదీస్తారు. ఒక తలుపు తెరిచి మరిచిపోతే ఎక్కడో ఒక మూల గాలి ఆగిపోతుంది. అందుకే బాయిలో తలుపు తెరిచినవాడే మూసి కదలాలి.

ఆ గాలిని కొలవడానికి ఎనిమోమీటరు అనే చిన్న చక్రం వాడతారు. గాలికి చక్రం తిరిగిన తీరును బట్టి వేగం తెలుస్తుంది. ఆ వేగాన్ని దారి వైశాల్యంతో గుణిస్తే నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి పోతోందో వస్తుంది. దేశంలోని బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ప్రతి వెంటిలేషన్ విభాగంలో, అత్యధికులు పనిచేసే షిఫ్టులో మనిషి ఒక్కింటికి నిమిషానికి 6 ఘనపు మీటర్లకు తగ్గకుండా గాలి అందాలి. లేదా రోజూ తీసే బొగ్గులో టన్నుకు 2.5 ఘనపు మీటర్ల చొప్పున అందాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. పనిచేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గరాదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం మించరాదు. చెమట ఆరే వీలు ఎంతుందో చెప్పే తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటరాదు.

మరి అదే కార్మికుడి కూతురు కూర్చునే తరగతి గదికి? రోజూ గాలి కొలిచి రాసే పుస్తకం ఆ బడిలో ఎక్కడుంది?

ఈ రెండు చోట్ల గాలినీ ఒకే మనిషి చదివిన కాలం ఒకటుంది. 1887లో స్కాట్లండ్‌లోని డండీ పట్టణంలో థామస్ కార్నెలీ, జాన్ స్కాట్ హాల్డేన్, ఆండర్సన్ అనే ముగ్గురు ఇళ్లలోనూ బడుల్లోనూ గాలి ఎలా ఉందో పరీక్షించి రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. రాత్రివేళ పేదల ఒంటిగది ఇళ్లకు వెళ్లి, నిద్రపోతున్న కుటుంబాల మధ్య గాలిని సీసాల్లో పట్టారు. పగలు బడులకు వెళ్లి అదే పని చేశారు. కార్బన్ డయాక్సైడ్ కొలిచారు, సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టారు. కిటికీల మీదే ఆధారపడ్డ బడుల గాలిలో కంటే యంత్రాలతో గాలి పంపే బడుల గాలిలో సూక్ష్మజీవులు ఎన్నో రెట్లు తక్కువగా కనిపించాయి. చలిదేశం కదా, కిటికీ ఉన్నా దాన్ని తెరిచేవారు తక్కువ.

ఆ ముగ్గురిలో కుర్రవాడైన హాల్డేన్ తర్వాత గనుల వైపు మళ్లాడు. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలుడులో పోయినవారిని పరీక్షించి, ఎక్కువ మంది ప్రాణం తీసింది పేలుడు దెబ్బ కన్నా దాని వెంట వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చాడు. వాసన లేని ఆ విషాన్ని మనిషి కంటే ముందే పసిగట్టడానికి చిట్టెలుకల్నీ, చిన్న పక్షుల్నీ వెంట తీసుకెళ్లమన్నది ఆయనే. గనుల్లో కేనరీ పిట్ట కథ అక్కడ మొదలైంది. ఆయన తన కొడుకును కూడా గనిలోకి తీసుకెళ్లేవాడు. స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక గనిలో పిల్లవాణ్ణి నిటారుగా నిలబెట్టి షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కొద్దిసేపటికే పిల్లవాడికి ఆయాసం వచ్చి కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది, లేచి కూర్చున్నాడు. మీథేన్ తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. ఆ పాఠం పిల్లవాడు జీవితంలో మరవలేదు. ఆ పిల్లవాడే జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో భారతదేశం వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు.

గాలిలో ఏది ఎంతసేపు తేలుతుందన్న ప్రశ్న దగ్గరే కొవిడ్ మొదటి ఏడాదిలో ప్రపంచం తడబడింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు గాలి ద్వారా వ్యాపించేది కాదని ట్విటర్‌లో గట్టిగా ప్రకటించింది. తుంపర్లు బరువైనవి, మీటరు రెండు మీటర్లలో నేలరాలతాయి, కాబట్టి దూరం పాటించండి, చేతులు కడుక్కోండి అన్నది సలహా. మన బడుల్లోని గుండ్రాలూ ఆరడుగులూ అక్కడివే. ఆ జులైలో లిడియా మొరావ్‌స్కా, డోనాల్డ్ మిల్టన్ రాసిన లేఖకు 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు తెలిపారు. గాలి సంగతి పట్టించుకోండి అన్నది దాని సారం. ఆ సంస్థ తన వెబ్‌సైటులో ఈ సంగతిని సూటిగా ఒప్పుకునే సరికి 2021 వచ్చింది. ఈలోగా ప్రపంచమంతా బల్లలు తుడుస్తూ గడిపింది. ఆ కాలాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తుంపర సైజు లెక్క బొగ్గు ఊళ్లవాళ్లకు చెప్పడం తేలిక. ఊపిరితిత్తుల్ని పాడుచేసే దుమ్ము కంటికి కనబడేది కాదని ఇక్కడ అందరికీ తెలుసు. లారీ వెనక లేచే ఎర్రదుమ్ము ముక్కులోనే ఆగుతుంది. లోతుకు పోయి మనిషిని కుంగదీసేది మైక్రాన్లలో కొలిచే సన్నపు నుసి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మనం మాట్లాడినప్పుడు వచ్చే తుంపర 100 మైక్రాన్లు ఉంటే కొన్ని సెకన్లలో నేలకు చేరుతుంది. 5 మైక్రాన్లు ఉంటే, గాలి కదలని గదిలో, నిలబడ్డవాడి మూతి ఎత్తు నుంచి దిగడానికి అరగంట పడుతుంది. 1 మైక్రాన్ అయితే దాదాపు పన్నెండు గంటలు. అమెరికన్ శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లోనే ఈ సంగతి రాశాడు: చిన్న తుంపర నేల చేరకముందే ఆరిపోయి, లోపలి క్రిమితో సహా తేలుతూ ఉండిపోతుందని. 5 మైక్రాన్లు దాటినవన్నీ టపటపా రాలతాయన్న పొరపాటు ఎలా పుట్టిందో తర్వాత పరిశోధకులు వెతికి పట్టుకున్నారు. ఊపిరితిత్తుల లోతుకు చేరగల కణం ఎంత చిన్నదై ఉండాలి అన్న అంకెనూ, గాలిలో తేలగల కణం ఎంత చిన్నదై ఉండాలి అన్న అంకెనూ వైద్య పుస్తకాలు కలగలిపేశాయి. తేలే కణాల హద్దు 5 దగ్గర లేదు, 100 దగ్గర ఉంది.

వెల్స్ తన సిద్ధాంతాన్ని పరీక్షించింది కూడా బడిలోనే. ఫిలడెల్ఫియా పరిసరాల్లోని కొన్ని బడుల్లో గదుల పైభాగాన అతినీలలోహిత దీపాలు పెట్టించాడు. 1941లో తట్టు విరుచుకుపడినప్పుడు దీపాలున్న గదుల్లో పిల్లలకు అది చాలా తక్కువగా సోకింది. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక ప్రాథమిక పాఠశాల దీనికి రెండో సాక్ష్యం. తట్టు సోకిన ఒక రెండో తరగతి పాప నుంచి 28 మందికి అంటింది, వాళ్లు 14 వేర్వేరు గదుల్లో కూర్చునేవాళ్లు. ఆ పాప అన్ని గదులకూ వెళ్లలేదు. బడి భవనంలోని గాలి యంత్రం ఒక గదిలో పీల్చిన గాలిని మిగతా గదులకు పంచింది. బాయి భాషలో దీన్ని రీసర్క్యులేషన్ అంటారు, ఫ్యాను తప్పు చోట పెడితే అది వదిలిన పాడు గాలినే మళ్లీ పీల్చడం. గనుల నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. స్ప్లిట్ ఏసీ పెట్టి తలుపులు బిగించిన తరగతి గదిలో జరిగేది ఇదే. ఏసీ గాలిని చల్లబరుస్తుంది, మార్చదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏసీ హోటల్లో పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో, అప్పటికే జబ్బున్న ఒకరు కాక, తొమ్మిది మందికి కొవిడ్ సోకింది అలాంటి గాలిలోనే. సీలింగ్ ఫ్యానుదీ అంతే. పప్పును గరిటెతో కలిపితే పప్పు మారదు, ఫ్యాను తిరిగినంత మాత్రాన గాలి మారదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గది అనుకోండి. అందులో పట్టే గాలి 4,000 ఘనపు అడుగులు, అంటే 113 ఘనపు మీటర్లు. నలభై మంది పిల్లలు కూర్చున్నారు. కూర్చుని చదువుకునే పిల్లవాడు గంటకు సుమారు 14 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలభై మందికి సుమారు 560 లీటర్లు. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు 420 పాళ్లు ఈ వాయువు ఉంటుంది. తలుపులూ కిటికీలూ బిగించి పాఠం మొదలుపెడితే పది నిమిషాలకే ఇది 1,200 దాటుతుంది. ముప్పావు గంట పీరియడ్ ముగిసేసరికి 4,000 దాటుతుంది. నిజానికి ఏ గదీ అంత బిగుతుగా ఉండదు, తలుపు సందులున్నా కొంత తగ్గుతుంది.

ఈ అంకెను భయపెట్టడానికి చెప్పడం లేదు. అంతమాత్రం కార్బన్ డయాక్సైడ్ పిల్లలకు మగత తెప్పిస్తుందేమో గానీ విషం కాదు. అర శాతం అంటే 5,000 పాళ్లు, గని నిబంధన కూడా అంతవరకు ఒప్పుకుంటుంది. అయితే ఆ హద్దు ఊపిరాడకపోవడం గురించి పెట్టింది, అంటురోగం గురించి కాదు. మనకు ఈ వాయువుతో పని వేరు. అది గదిలో ఎంత చేరిందో తెలిస్తే ఒకరు వదిలిన ఊపిరిని ఇంకొకరు ఎంత పీలుస్తున్నారో తెలుస్తుంది. మనం వదిలే ఊపిరిలో సుమారు 40,000 పాళ్లు కార్బన్ డయాక్సైడే. కాబట్టి మీటరు 800 చూపిస్తే, పీల్చే గాలిలో నూరింట ఒక పాలు ఎవరో వదిలినది. 2,400 చూపిస్తే ఇరవైలో ఒక పాలు. 4,200 చూపిస్తే పదింట ఒక పాలుకు దగ్గర. ఆ ఎవరో ఒకరికి జబ్బుంటే, మిగతా పిల్లల పాలు ఎంతో ఈ అంకె చెప్తుంది.

2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బడుల్లాంటి చోట్ల మనిషికి సెకనుకు 10 లీటర్ల కొత్త గాలి కావాలని చెప్పింది. నిమిషానికి 0.6 ఘనపు మీటర్లు. బాయిలో కార్మికుడికి చట్టం ఇచ్చిన దానిలో పదో వంతు! నలభై మందికి సెకనుకు 400 లీటర్లు. అంత గాలి ఆడితే గదిలో కార్బన్ డయాక్సైడ్ 810 దగ్గర నిలబడుతుంది. ఇదేమీ పెద్ద యంత్రాలు కోరే కోరిక కాదు. చదరపు మీటరు వైశాల్యమున్న రెండు కిటికీలు ఒక గోడకు, ఎదురు గోడకు తలుపూ మరో కిటికీ ఉన్నాయనుకుందాం. కిటికీల్లోంచి గాలి సెకనుకు 30 సెంటీమీటర్లు కదిలితే చాలు, 600 లీటర్లు లోపలికి వస్తాయి. సెకనుకు 30 సెంటీమీటర్లంటే చెంపకు తెలిసీ తెలియనంత. ఎదురు గోడకు దారి లేకపోతే మాత్రం ఈ లెక్క చెల్లదు. ఇన్‌టేక్ ఉండి రిటర్న్ లేని బాయి అయిపోతుంది గది.

గదికి ఇరవై మంది అన్న 2021 నాటి తెలంగాణ నియమంలో అసలు బలం ఇక్కడుంది. పిల్లలు సగమైతే ఊపిరి సగం, జబ్బున్నవాడు ఆ గదిలో ఉండే అవకాశం సగం, ఉన్న గాలిలో ఒక్కొక్కరి వాటా రెండింతలు. ఆరడుగుల దూరం చేసిన మేలు కంటే ఇది ఎక్కువని నా అభిప్రాయం. అయితే దూరాన్ని తీసిపారేయడానికి లేదు. 2021 మేలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో టీకా వేసుకోని ఒక టీచరు జబ్బుతోనే బడికొచ్చి, మధ్యమధ్య మాస్కు తీసి పాఠం చదివి వినిపించారు. కిటికీలు తెరిచే ఉన్నాయి, గదిలో గాలిని వడకట్టే యంత్రమూ ఉంది. అయినా 24 మంది పిల్లల్లో 12 మందికి అంటింది. ముందు రెండు వరసల్లో పదిమందికి ఎనిమిది మంది, వెనక వరసల్లో పద్నాలుగు మందికి నలుగురు. నోటి దగ్గర పొగ చిక్కగా ఉన్నట్టే ఊపిరీ చిక్కగా ఉంటుంది. కిటికీ దాన్ని పలచబరిచే లోపే ముందు వరస పీల్చేస్తుంది. అక్కడ పనిచేసేది మాస్కూ, టీకా. గాలి లెక్క గదికంతటికీ, మాస్కు ముందు వరసకు.

గొంతు పెరిగితే తుంపర్లు పెరుగుతాయి. 2020 మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ లోయలో ఒక గాయక బృందం సాధనకు 61 మంది కూడితే 53 మందికి జబ్బు వచ్చింది. మన బడుల్లో దీనికి సాటి ఎక్కాలు. రెండు ఒకట్ల రెండు అంటూ గది అదిరిపోయేలా నలభై గొంతులు ఏకమై చదవడం మన పిల్లల ఆనందం, అది పోకూడదు. మూసిన గదిలోంచి వేపచెట్టు కిందికి మార్చాలి, అంతే. మధ్యాహ్న భోజనానికీ ఇదే మాట. కొవిడ్ రోజుల్లో బడిలో అందరూ ఒకేసారి మాస్కు తీసి, పక్కపక్కన కూర్చుని, మాట్లాడుకుంటూ గడిపిన సమయం అదొక్కటే. వరండాలోనో చెట్టు కిందనో, తరగతుల వారీగా పెట్టడం మీద పెట్టిన శ్రద్ధ బెంచీలకు రసాయనం కొట్టడం కంటే ఎన్నో రెట్లు ఫలితమిస్తుంది. బల్లను ముట్టుకోవడం వల్ల కొవిడ్ సోకే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. సబ్బు మాత్రం మానొద్దు, అది నీళ్లవిరేచనాల నుంచి కాపాడుతుంది.

ఆరుబయట బడి మనకు కొత్త కాదు. వీధిబడులు అరుగుల మీదే నడిచాయి. 1901లో రవీంద్రుడు శాంతినికేతన్‌లో చెట్ల కింద పాఠాలు మొదలుపెట్టాడు. 1904లో బెర్లిన్ పక్కన షార్లోటెన్‌బర్గ్‌లో, 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో బలహీనమైన పిల్లల కోసం, క్షయ భయం ఉన్న పిల్లల కోసం గాలిబడులు పుట్టాయి. ప్రావిడెన్స్‌లో జనవరి చలిలో, పిల్లలు దుప్పట్లలో చుట్టుకుని చదువుకున్నారు.

జ్యోతినగర్‌లో చలి అడ్డం రాదు. అడ్డం వచ్చేవి వేరే ఉన్నాయి, వాటిని పట్టించుకోకుండా కిటికీలు తెరవండి అని చెప్పి ఊరుకోవడం అన్యాయం. ఒకటి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసే ఊళ్ల జాబితాలో రామగుండం పేరు ఉంటూనే ఉంటుంది. రెండోది దుమ్ము. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బ్లాస్టింగ్ జరిగితే ధూళి లేస్తుంది, బొగ్గు లారీలు పోతే లేస్తుంది, వేసవి గాడ్పు వీస్తే విద్యుత్ కేంద్రం బూడిద చెరువు వైపు నుంచి తెల్లని నుసి ఇళ్లలోకి వస్తుంది. మూడోది కోతులు. కిటికీ తెరిస్తే అన్నం డబ్బాలు మిగలవు. వీటన్నిటికీ కిటికీ మూయడమే ఊళ్లో తెలిసిన మందు. బల్ల మీద బూడిద పొర చూసి కిటికీ మూసే టీచరు తప్పు చేస్తున్నారని నేను అనలేను. కోతులకు జాలీ వేస్తే సరిపోతుంది, గాలి కొద్దిగా తగ్గుతుంది గానీ ఆగదు. దుమ్ముకు మాత్రం గని బుద్ధి కావాలి. బాయిలో ప్రతి దారినీ గాలికి తెరవరు, ఏ వైపు మంచి గాలి ఉందో అటు తెరుస్తారు. రోడ్డు వైపు, గని వైపు కిటికీలు మూసి, చెట్ల వైపు, వరండా వైపువి తెరిచి ఉంచాలి. బ్లాస్టింగ్ వేళ కొద్దిసేపు మూసి, దుమ్ము అణగాక తెరవాలి. పొడి చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడవాలి. గాలి స్తంభించిన రోజున ఒక టేబుల్ ఫ్యానును కిటికీలో బయటికి ముఖం పెట్టి తిప్పాలి. బాయి పైనుండే పెద్ద ఫ్యాను చేసే పని అదే: అది గాలిని లోపలికి నెట్టదు, బయటికి లాగుతుంది. పాత గాలి పోతే కొత్త గాలి ఎదురు కిటికీలోంచి తనంతట తానే వస్తుంది.

పాత బడుల గోడల పైభాగాన, కప్పు దగ్గర, చిన్న గళ్లు ఉండేవి. వాటిని మనం వెంటిలేటర్లు అనేవాళ్లం. 2020 తర్వాత ఆ మాట వింటే ఆసుపత్రి మంచమే గుర్తొస్తోంది. మనుషుల ఒంటి వేడికి గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ గళ్లలోంచి బయటికి పోతుంది, కింద కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. కరెంటు అక్కర్లేని రిటర్న్ దారి అది. పావురాలు వస్తున్నాయనో, వాన జల్లు పడుతోందనో చాలాచోట్ల అట్టలు పెట్టి మూసేశారు. కొత్త గదుల్లో కొన్నిటికి అవి కట్టనే లేదు. బడుల మరమ్మతుకు డబ్బు వచ్చిన ప్రతిసారీ ముందు ఆ అట్టలు తీసి, వలలు బిగించాలని నా కోరిక.

ఇదంతా ఒక్క కొవిడ్ కోసం అనుకుంటే లెక్క చిన్నదవుతుంది. తైపీలోని ఒక విశ్వవిద్యాలయంలో క్షయ వ్యాపించినప్పుడు గదుల్లో కార్బన్ డయాక్సైడ్ 3,200 దాకా ఉండేది. గాలి ఏర్పాట్లు సరిచేసి 600 దగ్గరికి తెచ్చాక కొత్త కేసులు నూటికి 97 వంతులు తగ్గాయని 2020లో ప్రచురించారు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు బలహీనపడ్డవాళ్ల మీద క్షయ సులభంగా దాడి చేస్తుంది, అలాంటి పెద్దలున్న ఇళ్ల నుంచే ఈ బొగ్గు ప్రాంతంలో పిల్లలు బడికి వస్తారు. తట్టు, ఫ్లూ కూడా ఇదే గాలిదారిన వచ్చేవి.

బడులు మూసి ఉంచడం వల్ల పిల్లలకు జబ్బు రాకుండా ఉందా అంటే, అదీ లేదు. 2021 జూన్, జులైలలో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేసిన రక్తపరీక్షల్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందిలో, పది నుంచి పదిహేడేళ్ల వారిలో 61.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. బడి లేకపోయినా ఇళ్లలో, వాడల్లో సోకేసింది. ఈలోగా చదువు మాత్రం పోయింది. 2021 జనవరిలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఐదు రాష్ట్రాల్లో పరిశీలిస్తే, ముందటేడు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మరిచిన పిల్లలు 92 శాతం. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలు ప్రసారం చేశాయి. టీచర్లు వాడవాడా తిరిగారు. అయినా పలక పట్టుకుని దిద్దాల్సిన ఒకటో తరగతి పిల్లలకు టీవీ ఏం నేర్పగలదు? తెరిచిన బడులు 2021 మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. గురుకులాల్లో, వసతి గృహాల్లో కేసులు రావడం అందుకు ఒక కారణం. ఒకే హాలులో పదుల మంది నిద్రపోయే చోటు అది, డండీలో హాల్డేన్ రాత్రివేళ గాలి పట్టిన ఒంటిగది ఇళ్ల లాంటిది. సెప్టెంబరు 1న తెరిచారు, 2022 జనవరిలో ఒమిక్రాన్‌కు మూసి ఫిబ్రవరి 1న మళ్లీ తెరిచారు. ఆ జనవరి 3న 15 నుంచి 18 ఏళ్లవారికి హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్, మార్చి 16న 12 నుంచి 14 ఏళ్లవారికి అదే నగరంలోని బయోలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవ్యాక్స్ వేయడం మొదలైంది. టీకా వచ్చింది, గాలి లెక్క మాత్రం అలాగే మిగిలింది.

బ్రిటన్ ప్రభుత్వం 2021 ఆగస్టులో తన బడులకు మూడు లక్షల కార్బన్ డయాక్సైడ్ మీటర్లు ఇస్తామని ప్రకటించింది. మనకు గదికొకటి అక్కర్లేదు. మండలానికి నాలుగు మీటర్లు కొని, బడి నుంచి బడికి తిప్పినా చాలు. ఒక గదిలో మూడు రోజులు పెడితే ఏ కిటికీ తెరిస్తే ఎంత తగ్గుతుందో టీచరుకు తెలిసిపోతుంది, ఆ తర్వాత మీటరు లేకపోయినా ఆ గది గుణం గుర్తుంటుంది. మాస్కు వల్ల, గాలి వడపోత వల్ల ఆగిన క్రిమి ఈ అంకెలో కనబడదు, అది మనసులో ఉంచుకుంటే సరి.

మీటరు వచ్చేదాకా ఒక అగరుబత్తి చాలు. పిల్లలు లేనప్పుడు, ఫ్యాను ఆపి, వెలిగించిన బత్తిని ఒక్కో కిటికీ దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వస్తే అది ఇన్‌టేక్, బయటికి పోతే రిటర్న్, నిటారుగా లేస్తే అక్కడ గాలి లేదు. సుద్దముక్కతో గోడ మీద బాణం గుర్తు వేయండి. తర్వాత గది మూలల్లో, వెనక బెంచీ దగ్గర కూడా చూడండి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదొక చక్కని ప్రయోగ పాఠం. బయటి నుంచి ఎనిమోమీటరు తేవాల్సి వస్తే ఈ ఊళ్లో అది ఎవరి చేతిలో తిరిగిందో వాళ్ల ఇళ్లలోనే అడగవచ్చు, రిటైరైన వెంటిలేషన్ సిబ్బంది కాలనీల్లో ఉన్నారు. మనవణ్ణి బడికి దింపడానికి వచ్చిన తాతను ఒకసారి గదిలోకి పిలిచి, తాతా, ఈ గదిల గాలి ఎట్లున్నది చూడరాదే అని అడిగితే ఆయన కిటికీల వైపు కంటే ముందు ఎదురు గోడ వైపు చూస్తాడు.

బాయిలో గాలి కొలిచే చోట ఒక బోర్డు ఉంటుంది. తేదీ, దారి వైశాల్యం, గాలి వేగం, మొత్తం ఎంత గాలి, కొలిచినవారి సంతకం. తరగతి గదిలో నల్లబల్ల మూలన ఇప్పటికే తేదీ, హాజరు రాస్తున్నాం. దాని కింద ఇంకో గీత గీసి, తెరిచిన కిటికీలు ఎన్నో, గాలి ఎటు పోతోందో ఆ రోజు లీడరు రాస్తే సరిపోతుంది.